కురియని కప్పులో చెమ్మ

ఆషాఢ శ్రావణ మాసములలో హైదరాబాదు నగరపు కాచిగూడ, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతముల మేడలయందు పై అంతస్తున కాపురముండు వారికి ఒక చిక్కు చిరపరిచితము. కప్పు అడుగున సున్నము ఉబ్బి పెచ్చులూడును; మూలలయందు నల్లని బూజు ప్రాకును; ఫాల్సు సీలింగు పలకలపై లేతపసుపు మరకలు వలయములుగా తేలును. ఇంటివారు కప్పు కురియుచున్నదని నిశ్చయించుకొని మేస్త్రీని పిలుతురు. మేస్త్రీ డాబా మీదికెక్కి, కనబడిన నెర్రెలన్నింటిని సిమెంటుతో పూడ్చి, వాటర్‌ప్రూఫింగు రసాయనమును రెండు పూతలు పూసి, కూలి పుచ్చుకొని వెడలిపోవును. మరుసటి వానకాలమున ఆ మరకలే ఆ చోటనే, ఒక్కొక్కప్పుడు మునుపటికంటె వెడల్పుగా, తిరిగి కనిపించును. నిజముగా కురియు కప్పులు నగరమున కొల్లలుగా నున్నవి, కాదనుట లేదు. అయితే వానచుక్క యొక్కటియు లోనికి దిగకున్నను తడియు కప్పులు కూడ కలవనియు, ఆ తడి మేఘమునుండి గాక గదిచుట్టునున్న గాలినుండియే పుట్టుచున్నదనియు, అట్టి తడికి పైపూత మందు కాజాలదనియు ఇల్లు కట్టువారును, కట్టించుకొనువారును గ్రహింపవలసియున్నది. ఏ.సి. యంత్రములు, థర్మోకోలు పలకలు, గాజు ఉన్ని చాపలు సామాన్య గృహములలోనికి వచ్చిన పిదప ఈ రెండవ జాతి తడికి అవకాశము మునుపెన్నడును లేనంతగా పెరిగినది.

నీటియావిరి గాలిలో కంటికి కనబడకుండ ఎల్లప్పుడును ఉండును. ఎంత యావిరి నిలువగలదన్నది మాత్రము ఉష్ణోగ్రతను బట్టి యుండును. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనమీటరు చోటులో సుమారు 30 గ్రాముల ఆవిరి నిలువగలుగగా, 20 డిగ్రీల వద్ద 17 గ్రాములును, 10 డిగ్రీల వద్ద 9 గ్రాములును మాత్రమే నిలువగలవు. కావున తేమగల వెచ్చని గాలి క్రమముగా చల్లబడుచుండగా, తనలోని ఆవిరిని ఇక మోయజాలని ఒకానొక మెట్టునకు అది చేరును. ఆ మెట్టునకు దిగువ చల్లదనముగల ఏ తలమును తాకినను మిగులు ఆవిరి నీరై అచ్చట నిలుచును. ఆ మెట్టునే భౌతికశాస్త్రజ్ఞులు తుషారాంకమందురు. ఫ్రిజ్‌లోనుండి తీసిన నీళ్లసీసాకు చెమట పట్టుట ఎల్లరెరిగినదే, ఏ.సి. గదికప్పునందు జరుగునదియు అదియే, కాని సీసాపై నీరు కన్నుల యెదుట కారును, కప్పులోని నీరు పొరల నడుమ దాగి నెలల తరబడి తన పని చేయును.

రాత్రివేళ పట్టు మంచును ఇట్టిదే; అయినను అది ఆకాశమునుండి సన్నని వానగా రాలునని పూర్వము పెక్కురు నమ్మెడివారు. లండను నగరమున వైద్యుడుగా నుండిన విలియం చార్లెస్ వెల్స్ ఒకే తూకముగల ఉన్ని కుచ్చులను తోటలో రాత్రివేళ వేర్వేరు చోట్ల నుంచి, తిరిగి తూచి, ఆకాశమునకు ఎదురుగా తెరపి నున్న కుచ్చు హెచ్చు బరువెక్కుటయు, పైన మరుగున్న కుచ్చు అంతగా తడియకుండుటయు గమనించి, నిర్మలమైన రాత్రులయందు భూమిపైని వస్తువులు తమ వేడిమిని ఆకాశమునకు వెదజల్లి చుట్టునున్న గాలికంటెను చల్లబడుననియు, ఆ చల్లదనమే మంచునకు కారణమనియు 1814లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. మన నగరమున మాఘమాసపు తెల్లవారుజామున రేకుల గదులలో నిద్రించువారి మీద రేకు అడుగునుండి చుక్కలు రాలుటకు కారణమును వెల్స్ చెప్పినదే: మబ్బులేని ఆకాశము క్రింద రేకు గాలికంటె చల్లబడినది, గదిలోనివారి ఊపిరితేమ దానిని తాకి నీరైనది.

ఇక ఆవిరి ఒక చోటినుండి మరియొక చోటికి ఎట్లు పోవునో చూడవలెను. దానిని నడిపించునది బాష్పపీడనము. ఆవిరి హెచ్చుగా నున్న చోట పీడనము హెచ్చు, తక్కువగా నున్న చోట తక్కువ. ఎక్కువ చోటినుండి తక్కువ చోటికి పోవుట దాని స్వభావము. ఇటుక, సున్నము, కాంక్రీటు, జిప్సము పలక, గాజు ఉన్ని, ఇవన్నియు కొలదిగనో గొప్పగనో దానికి త్రోవ యిచ్చునవే. అయిదు సెంటీమీటర్ల గాజు ఉన్ని ఆవిరిని ఆపుటలో అంతే మందముగల నిశ్చలమైన గాలికంటె ఏమంత మెరుగుకాదు. పావు మిల్లీమీటరు పాలిథీను పొరయో, పదుల కొలది మీటర్ల నిశ్చల వాయువుతో సమానముగా అడ్డగించును. ఆవిరి నిరోధక పొర యనునది ఇట్టిదే: పాలిథీను గాని, అల్యూమినియము రేకు గాని, తారు చాప గాని, ఆవిరి నడకను వేయోవంతునకు తగ్గించునట్టి పలుచని తెర. అయితే ఆవిరికి రెండవ దారి కూడ కలదు, అదియే ప్రమాదకరము. గొట్టము చుట్టునున్న సందు, దీపము కొరకు తొలచిన రంధ్రము, అతుకు విడిన అంచు, వీనిగుండ గాలియే ప్రవహించినచో ఆ గాలితో వచ్చు ఆవిరి పదార్థమునందు మెల్లగా చొరబడు ఆవిరికంటె ఎన్నో రెట్లు హెచ్చు. తెర యెంత మంచిదైనను దానికి పడిన చిల్లు తెరను వ్యర్థపరచును. మేకులతో బిగించి అంచుల నతికింపక వదలిన పొర, లేని పొర, ఈ రెండింటికిని ఆచరణయందు భేదము స్వల్పము.

ఈ శాస్త్రము పుట్టినది చలిదేశములలో. 1930 ప్రాంతమున అమెరికాలో కొయ్య యిండ్ల గోడలలో ఉష్ణనిరోధకములను నింపనారంభించిన కొలదికాలమునకే వెలుపలి రంగు పొరలు పొరలుగా ఊడిపోజొచ్చెను; ఆ పదార్థమే నీటిని ఆకర్షించుచున్నదని రంగులవారు నిందించిరి. విస్కాన్సిన్ రాష్ట్రపు మాడిసన్ నగరమునందలి అటవీ ఉత్పత్తుల ప్రయోగశాలలో టీస్‌డేల్ అను నతడు 1937లో ఈ సంగతి విచారించి, ఇంటిలోని వెచ్చని తేమ గోడలోనికి చొచ్చి, ఉష్ణనిరోధకము మూలమున మునుపటికంటె చల్లబడిన వెలుపలి పలకను తాకి నీరగుచున్నదని తేల్చి, వెచ్చని వైపున ఆవిరిని నిలుపు పొర నుంచవలెనని సలహా యిచ్చెను. మిన్నెసోటా విశ్వవిద్యాలయమున రౌలీ అను ఆచార్యుడును ఆ దినములలోనే ఇట్టి పరిశోధనలు సలిపెను. 1958-59 సంవత్సరములలో జర్మనీయందు గ్లాసర్ అను నతడు గోడయందలి ప్రతి పొరవద్దను ఆ ఉష్ణోగ్రతకు తగిన సంతృప్త బాష్పపీడనమును, అచ్చట నిజముగా నుండు బాష్పపీడనమును కాగితముపై రెండు గీతలుగా గీచి, అవి ఎచ్చట కలిసికొనునో అచ్చట తడి పుట్టునని చెప్పు సులభ మార్గమును ఏర్పరచెను. నేటికిని వాస్తుశిల్పులు ఆ గీతలతోనే ప్రారంభింతురు.

చలిదేశపు చదునుకప్పునందు క్రింద కాంక్రీటో కొయ్యో, దానిపై ఆవిరి నిరోధక పొర, దానిపై ఉష్ణనిరోధకము, అన్నింటి మీద వాననీటిని ఆపు పొర, ఇట్లు వరుస యుండును. ఆవిరిపొర అడుగున, అనగా గది వైపున ఉన్నది. ఏలయనగా అచ్చట గది వెచ్చన, ఆకాశము చల్లన. ఇందలి సూత్రము వెచ్చని వైపున ఉంచుమనుటయే గాని లోపలి వైపున ఉంచుమనుట కాదు. ఆ దేశముల పట్టికలలోని బొమ్మలను చూచి ఇచ్చట పని చేయించువారు ఈ భేదమును విడిచి బొమ్మను మాత్రము పట్టుకొనుచున్నారు.

హైదరాబాదు సంగతి వేరు. జాతీయ భవన నిర్మాణ స్మృతి మన నగరమును మిశ్రమ శీతోష్ణస్థితి గల మండలమున చేర్చినది. వానకాలమున ఇచ్చటి గాలి తుషారాంకము సామాన్యముగా 21 నుండి 23 డిగ్రీల వరకు ఉండును. అనగా వెలుపలి బాష్పపీడనము సుమారు 2,600 పాస్కలులు. 24 డిగ్రీల వద్ద నడచు ఏ.సి. గదిలో ఆర్ద్రత సగమున్నచో అది 1,500 పాస్కలులు మాత్రమే. ఆవిరి వెలుపలినుండి లోపలికి, పైనుండి క్రిందికి నడచును. ఇచ్చట వెచ్చని వైపు ఆకాశము వైపు!

అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుకొను యువకులతో నిండిన స్టడీ హాలు నొకదానిని తీసికొందము. మేడ చివరి అంతస్తు, పైన స్లాబు, దానికి రెండడుగుల దిగువన ఫాల్సు సీలింగు, సీలింగు పలకల మీద గాజు ఉన్ని చాప, దాని అల్యూమినియము రేకు గది వైపునకు తిరిగియున్నది. కదలక కూర్చుండి చదువుకొను మనిషి ఊపిరిచేతను చెమటచేతను గంటకు 50 గ్రాములకు తక్కువగాక ఆవిరిని విడుచును. అరువదిమంది కూర్చున్న గదిలో గంటకు మూడు లీటర్ల నీరు గాలిలో చేరుచున్నదన్నమాట. దీనిని ఏ.సి. లాగివేసి గొట్టముద్వారా వీధిలోనికి వదలుచున్నది. కనుక గదిలోని గాలి పొడిగానే యుండును. ఫాల్సు సీలింగు పైనున్న చోటు మాత్రము పొడి కాదు. గోడల సందులనుండియు, పాత వెంటిలేటర్లనుండియు వానకాలపు గాలి అచ్చటికి ప్రవేశించి, ఉన్నిని సులువుగా దాటి, రేకు వెనుక తలమును తాకును. ఉన్ని అడ్డముండుటచేత ఆ రేకు గది చల్లదనమును పొందియుండును. ఏ.సి.ని 24 డిగ్రీలవద్ద ఉంచినచో ప్రమాదము స్వల్పము. కాని మధ్యాహ్నపు ఉక్కను తాళలేక 18 డిగ్రీలకు దింపినచో రేకు ఉష్ణోగ్రత తుషారాంకమునకు దిగువకు పోవును, రేకు వెనుక నీరు పట్టును, ఉన్ని దానిని పీల్చును. నీటి ఉష్ణవాహకత గాలికంటె ఇరువది రెట్లకు పైబడినది కావున తడిసిన ఉన్ని తన పనిని మానును. సీలింగు మరింత చల్లబడును. మరింత నీరు చేరును. జిప్సము పలక బరువెక్కి నడుమ వంగును, మరక తేలును. మేస్త్రీ డాబా మీద పూత పూయును. ఇచ్చట తప్పు డాబాలో లేదు. రేకు ముఖము క్రిందికి గాక పైకి, స్లాబు వైపునకు తిరిగియుండవలసినది, దాని అతుకులు టేపుతో మూయబడవలసినది, సీలింగు పైచోటునకు వెలుపలి గాలి దారులు కట్టబడవలసినది. నక్షత్రపు గుర్తుగల గది ఏ.సి.లన్నియు 24 డిగ్రీల వద్ద ప్రారంభము కావలెనని 2020 జనవరి 1 నుండి దేశమున నియమము అమలులోనికి వచ్చినది; విద్యుత్తును పొదుపు చేయుటకై ఏర్పడిన ఆ నియమము మన కప్పులను కూడ కాపాడుచున్నదని నా నమ్మకము.

అట్లయిన ఆవిరిపొరను ఎల్లప్పుడు పైననే ఉంచుడని చెప్పి ఊరకుందమా? చలికాలము మిగిలియున్నది. పుష్యమాఘములలో ఏ.సి. నిద్రించును, రాత్రి చలి 15 డిగ్రీలకు దరిదాపుగా దిగును, నిర్మలాకాశము క్రింద డాబాతలము అంతకంటె చల్లబడును; తలుపులు కిటికీలు బిగించిన ఇంటిలో వంట, స్నానము, ఊపిరి సాగుచునే యుండును. వంటగ్యాసు మండునపుడు ప్రతి కిలోకు ఒకటిన్నర కిలోలకు పైగా నీటియావిరి పుట్టును, 14.2 కిలోల సిలిండరు ఖాళీ అగునప్పటికి ఇరువది రెండు లీటర్ల నీరు ఆ వంటింటి గాలిలో కలిసినదన్నమాట. అప్పుడు ఆవిరి నడక క్రిందినుండి పైకి. ఒకే కప్పు, ఒకే సంవత్సరము, రెండు దిక్కులు. చలిదేశపు వరుస మనకు వానకాలమున పనికిరాదు. ఆవిరిపొరను పైకి మార్చిన వరుసకు చలికాలమున కొంత చిక్కు. రెండు వైపుల రెండు పొరలను పరచినచో, నడుమ చిక్కిన నీటికి బయటపడు దారియే లేకుండును. ఇది అన్నింటికంటె చెడ్డది.

అట్లు చిక్కిన నీటిని గూర్చి కొంత విడిగా చెప్పవలసియున్నది, ఏలయనగా మన ఇండ్లయందలి తడులలో ఇది అనుమానింపబడని దొంగ. వేయి చదరపుటడుగుల స్లాబును అయిదంగుళముల మందమున పోసినప్పుడు అందు సుమారు పన్నెండు ఘనమీటర్ల కాంక్రీటు పట్టును. ఘనమీటరుకు దాదాపు 180 లీటర్ల నీరు కలుపుదురు. అందు సగమునకించుక తక్కువ సిమెంటుతో కలిసి గట్టిపడును. తక్కినది, మొత్తముమీద వేయి లీటర్లకు దరిదాపైనది, నెలల తరబడి మెల్లగా ఆవిరై పోవలసినదే. ఇరువది యొక్క దినములు నీళ్లు కట్టి తడిపిన స్లాబును వెంటనే పైన తారుచాపతో కప్పి, అడుగున పాలిథీనుతోను పలకలతోను మూసి గృహప్రవేశము చేసినవారు ఆ వేయి లీటర్లను తమ నెత్తిమీద నిలువ చేసికొన్నవారే. ఇట్టి ఇండ్లలో తడి మొదటి వేసవిలోనే కనబడును: ఎండ డాబాను కాల్చగా స్లాబులోని నీరు ఆవిరై క్రిందికి నెట్టబడి, చల్లని సీలింగుపై తేలును. వాన లేని ఏప్రిలు నెలలో కప్పు తడియుట చూచి ఇంటివారు దిగ్భ్రమ చెందుదురు.

మన పెద్దలు ఇట్టి చిక్కులను ఎరుగకుండుటకు కారణము వారు వాడిన సున్నము. గానుగలో నూరిన డంగు సున్నమున ఇటుకముక్కలను కలిపి, కరక్కాయ నీటిని, బెల్లపు నీటిని చల్లుచు, చెక్కలతో దినముల తరబడి వరుసగా కూర్చుండి కొట్టి గట్టిచేసిన గచ్చు వాననీటిని చాలవరకు దిగనీయదు, అయినను ఆవిరిని రాకపోకలు సేయనిచ్చును, తడిసినను ఎండగలదు. 1916లో నిర్మితమైన కాచిగూడ రైలు స్టేషను నాటి కట్టడములు ఆ సంప్రదాయపు చివరి తరమునకు చెందినవి. సున్నపు కప్పులు కురియలేదని కాదు. అవి తడిని తమలో బంధించి ఉంచుకొనలేదు. ఏ.సి. చల్లదనమును వాటికి ఎవ్వరును అడిగియుండలేదన్నది కూడ నిజమే, కావున ఆ పద్ధతినే యథాతథముగా తిరిగి తెచ్చుకొందమనుట నా ఉద్దేశ్యము కాదు.

మన మిశ్రమ శీతోష్ణస్థితికి ఒప్పిన వరుస వేరొకటి కలదు. దానిని ఇంజనీర్లు తలక్రిందుల కప్పు అందురు. స్లాబు, దానిపై వాలుకొరకు వేసిన పొర, దానిపై నీటిని ఆపు పొర, ఆ పొరకు పైన నీరు పీల్చని గట్టి పాలిస్టైరీను పలకలు, ఆ పలకలపై వడపోత గుడ్డ, అన్నింటి మీద టైల్సు గాని గులకరాళ్లు గాని. ఉష్ణనిరోధకము నీటిపొర పైకి పోవుటయే ఇందలి మర్మము. చలికాలమున లోనినుండి పైకి వచ్చు ఆవిరి నీటిపొరనే చేరి ఆగును; పలకలు పైనుండి కప్పియుండుటచేత ఆ పొర వెచ్చనగానే యుండును, అచ్చట నీరు పుట్టదు. వానకాలమున పైనుండి క్రిందికి దిగు ఆవిరియు ఆ పొరవద్దనే ఆగును. గది మిక్కిలి చల్లబడి అచ్చట నాలుగు చుక్కలు పుట్టినను, అవి పొరకు పైభాగమున, వాననీరు పారు త్రోవలోనే పుట్టినవి కావున గొట్టముద్వారా దిగిపోవును. ఒక్క పొరయే వానకును, రెండు దిక్కుల ఆవిరికిని కాపలా కాయును. పైగా ఎండ వేడిమి సోకక దీర్ఘకాలము మన్నును. ఖర్చు కొంత హెచ్చు. స్లాబుపై బరువు కూడ పెరుగును గనుక పాత మేడలయందు ఇంజనీరునకు చూపకుండ ఈ పనికి పూనుకొనరాదు.

2023లో తెలంగాణ ప్రభుత్వము అయిదేండ్ల కొరకు చల్లని కప్పుల విధానమును ప్రకటించి, 600 చదరపు గజములును అంతకు మించియు స్థలముగల నివాసములకు దానిని తప్పనిసరి చేసినది. అట్టి కప్పునకు వేయు తెల్లని పూత ఎండను త్రిప్పికొట్టి కప్పు వేడిని తగ్గించును, ఇది మేలే. అయితే ఎండ తగలని కప్పు మెల్లగా ఎండును. కనుక లోపల నీరు చిక్కియున్న స్లాబుపై తెల్లపూతను వేయుట తొందరపాటు.

ఎన్నడును దిక్కు మారని కప్పులు మాత్రము శీతల గిడ్డంగులవి. గుంటూరు మిరపకాయలను నిలువచేయు గిడ్డంగుల లోపల ఏడాది పొడుగునను పది డిగ్రీలకు దిగువ చల్లదనమే. వెలుపల కోస్తా గాలి. అచ్చట ఆవిరిపొర నిస్సందేహముగా బయటి వైపుననే, ఒక్క సూదిబెజ్జము లేకుండ ఉండవలెను. లేనిచో ఉష్ణనిరోధకము నీటితో నిండి గిడ్డంగి విద్యుత్తును మ్రింగును.

మీ యింటి తడి వానదో, గాలిదో తెలిసికొనుటకు పెద్ద పరికరములు అక్కరలేదు. అడుగున్నర చదరపు దళసరి పాలిథీను ముక్కను మరకగల చోట కప్పు అడుగున నాలుగు అంచులను టేపుతో గట్టిగా అతికించి, ఒక పగలును ఒక రాత్రియు ఉంచుడు. ముక్క వెనుక, కప్పు వైపున, బిందువులు కట్టినచో నీరు స్లాబులోనుండి వచ్చుచున్నది: అది కురియు కప్పైనను కావచ్చును, ఎండని కాంక్రీటైనను కావచ్చును. ముక్క ముందు భాగమున, గది వైపున, తడి పట్టినచో అది గదిగాలిలోని ఆవిరియే. అట్లయినచో డాబాపై పూతకు వెచ్చింపదలచిన సొమ్ముతో వంటింటికిని స్నానపు గదికిని ఎగ్జాస్టు ఫ్యాను పెట్టించుకొనుడు. డాబాకు ఉష్ణనిరోధకము వేయించుకొనదలచినవారు ముందుగా మేస్త్రీని ఒక్క ప్రశ్న అడుగుడు: ఆవిరి ఏ వైపునుండి వచ్చునని లెక్కించి పొరను ఎచ్చట పరచుచున్నావు? సమాధానము దొరకనంతవరకు పని మొదలు పెట్టింపకుడు. దొరికిన పిదప గూడ వానకాలమున గాక, స్లాబు బాగుగా ఎండిన మార్చి, ఏప్రిలు నెలలలోనే పెట్టింపుడు.